పట్టికలో గీత ఎక్కడ గీయాలి?

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఏటా ఆగస్టు నెలాఖరుకు ఒక విచిత్రమైన పరీక్షకు సిద్ధమవుతూంటారు. దానికి ఫాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ అని పేరు. ఇది మనమెరిగిన, కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగ్రుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తే అమెరికావారి ఆట. పదిమందో పన్నెండుమందో స్నేహితులు ఒకచోట చేరి, ఆ ఆటలోని వృత్తి క్రీడాకారులను వంతులవారీగా తమ ఊహాజట్లలోకి కోరుకొంటారు. ఒకరు కోరుకొన్నవాడు మరొకరికి దక్కడు. తరువాత నాలుగు నెలలపాటు ఆ క్రీడాకారుడు నిజమైన మైదానంలో ఏమి సాధిస్తే, దానిని బట్టి ఇక్కడ వీరికి పాయింట్లు వస్తాయి.

మా మేనల్లుడొకడు ఈ ఆటలో మునిగినవాడే. డ్రాఫ్టుకు పదిహేను రోజుల ముందునుంచి రెండువందల పేర్లున్న ర్యాంకుల పట్టికను ముందు వేసుకొని కూర్చుంటాడు. “ఇందులో ఆలోచించేదేముంది మామయ్యా? పైనుంచి కొట్టేసుకుంటూ పోవడమే, నా వంతు వచ్చేసరికి మిగిలినవాళ్ళలో పై పేరు తీసుకోవడమే” అన్నాడు. ఈ మాట నాకు రుచించలేదు. దశాబ్దాల తరబడి పిల్లలకు మార్కులు వేసి, వరుస సంఖ్యలు కట్టినవాడిని. ఆ సంఖ్య ఎంత చెబుతుందో, ఎంత దాచిపెడుతుందో ఆలోచించక తప్పని వృత్తి మాది.

పట్టికలన్నీ ఒక జాతివి కావని మొదట గుర్తించాలి. మా గోదావరి సీమలో సంక్రాంతికి ముందు చేతులు మారే కుక్కుటశాస్త్రం సంగతి చూడండి. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, కౌజు, పింగళ అని ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లు. ఏ వారంనాడు, ఏ జామున, ఏ దిక్కున వదిలితే ఏ రంగు ఏ రంగును గెలుస్తుందో అందులో లెక్క ఉంటుంది. భీమవరం పరిసరాలలో ఆ లెక్క చూడకుండా పుంజును బుట్టలోనుంచి తీయని మనుషులున్నారు. కాని ఆ పుస్తకం ర్యాంకు ఇచ్చేది రంగుకే గాని, ఎదుట నిలబడిన పుంజుకు కాదు. ఈ డేగ నిన్న మేత ముట్టిందా, దీని కాలు వాచిందా అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు ఉండదు. (కోడిపందేలు చట్టవిరుద్ధమన్న సంగతి అందరికీ తెలిసినదే. తెలిసి ఏమిచేస్తున్నామన్నది వేరే టపాకు తగిన విషయం.)

రెండవ జాతి పట్టిక జరిగినదానిని కొలిచేది. మా అమలాపురం కుర్రవాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, తన జోడీ చిరాగ్ శెట్టితో కలిసి 2023 అక్టోబరులో పురుషుల డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానానికి చేరినప్పుడు కోనసీమ అంతా పొంగిపోయింది. భారతదేశపు డబుల్స్ జోడీ ఏదీ అంతకు మునుపు ఆ మెట్టు ఎక్కలేదు. బాడ్మింటన్ ర్యాంకు కట్టే విధానం స్పష్టమైనది: గడచిన 52 వారాలలో ఆడిన పోటీలలో అత్యుత్తమమైన పదింటి పాయింట్లను కూడుతారు. అంతే. అది గతానికి పద్దు. మరుసటి సంవత్సరం పారిస్ ఒలింపిక్స్‌లో మూడవ సీడ్‌గా దిగిన ఆ జోడీ క్వార్టర్ ఫైనల్లో మలేషియావారి చేతిలో ఓడింది. అంతమాత్రాన ర్యాంకు అబద్ధమని అనలేము. రేపటి సంగతి చెబుతానని అది ఎన్నడూ మాట ఇవ్వలేదు.

డ్రాఫ్టుకు వాడే పట్టిక మూడవ జాతిది. అది జరగబోయేదానిని గూర్చిన అంచనా. పైగా పలువురి అంచనాల సగటు. దానిని మా వాడు బాడ్మింటన్ ర్యాంకువలె చదువుతున్నాడు. కొందరైతే కుక్కుటశాస్త్రంవలె కూడా చదువుతారేమో.

సగటు పట్టికకు ఒక గుణం ఉంది. అది సంఖ్యలను సమాన దూరంలో నిలబెడుతుంది. 6కూ 7కూ మధ్య ఒకటే తేడా, 14కూ 15కూ మధ్య ఒకటే తేడా. నిజానికి ఆరవవాడికీ ఏడవవాడికీ మధ్య అగాధం ఉండవచ్చు. పద్నాలుగునుంచి పంతొమ్మిది వరకు ఉన్నవారు ఒకే గుడ్డలో కట్టదగినవారు కావచ్చు. తరగతిలో ప్రథముడికి 92, ద్వితీయుడికి 91, తృతీయుడికి 74 వచ్చినప్పుడు ఒకటి, రెండు, మూడు అని రాసి గోడకు అంటించడం ఎంత అన్యాయమో ఉపాధ్యాయులందరికీ అనుభవమే.

ఇక్కడ నాకు జగన్నాథ పండితరాయలు జ్ఞాపకం వస్తారు. మా ముంగండ అగ్రహారం వారని ప్రతీతి, షాజహాను కొలువులో వెలిగినవారు. మమ్మటుడు కావ్యాన్ని ఉత్తమ, మధ్యమ, అధమములని మూడు తరగతులు చేశాడు. పండితరాయలు రసగంగాధరంలో నాలుగు చేశారు. ఎందుకు? అర్థచమత్కారం ఉన్నదానినీ, ఉత్త శబ్దచమత్కారం ఉన్నదానినీ అధమమనే ఒకే గంపలో పడవేయడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆ రెండింటి మధ్య తారతమ్యం కళ్ళకు కనబడుతూంటే గీత గీయకపోవడమేమిటని ఆయన వాదం. ఈ ఆలంకారికులెవరూ శ్లోకాలకు ఒకటినుంచి రెండువందల వరకు అంకెలు వేయలేదు చూడండి. అంతరం ఎక్కడుందో వెదికి అక్కడ గీత గీచారు. తరగతిలోపల ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది సహృదయుడికి విడిచిపెట్టారు.

డ్రాఫ్టుకు కావలసినది సరిగ్గా ఈ పనే. ఒక్కొక్క స్థానానికి వేరుగా పేర్లు రాసుకొని, అంచనా పాయింట్లు చటుక్కున పడిపోయినచోట గీత గీసుకోవాలి.

స్థానానికి వేరుగా ఎందుకంటే, పన్నెండుమంది ఆడుతున్నారనుకోండి. ప్రతి జట్టుకు క్వార్టర్‌బ్యాక్ ఒకడు, రన్నింగ్‌బ్యాక్‌లు ఇద్దరు కావాలి. అంటే మొదటివారు పన్నెండుమంది, రెండవవారు ఇరవైనలుగురు. ఉదాహరణకు, మొదటి క్వార్టర్‌బ్యాక్‌కు సంవత్సరానికి 380 పాయింట్లు, పన్నెండవవాడికి 300 వస్తాయని, మొదటి రన్నింగ్‌బ్యాక్‌కు 320, ఇరవైనాలుగవవాడికి 170 వస్తాయని అనుకొందాం. మొత్తం చూస్తే క్వార్టర్‌బ్యాకే గొప్పవాడు. కాని అతనిని వదులుకొంటే పోయేవి 80, రన్నింగ్‌బ్యాక్‌ను వదులుకొంటే పోయేవి 150. విలువ పాయింట్లలో లేదు, దొరకనితనంలో ఉంది. వరికోతలనాడు కూలి మనిషికున్న విలువ మరునెలలో ఉండదు కదా!

ఇక వంతుల సంగతి. డ్రాఫ్టులో తరచు పాము నడక పద్ధతి పాటిస్తారు. మొదటి చుట్టులో 1 నుంచి 12 వరకు, రెండవ చుట్టులో 12 నుంచి వెనక్కు 1 వరకు. మన అన్నదమ్ముల పంపకాలలో పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకొనే ఆచారంలో ఎంత ధర్మముందో ఇందులోనూ అంత ధర్మముంది. ఆరవ వంతువాడికి 6, 19, 30వ ఎంపికలు దక్కుతాయి. 19కీ 30కీ మధ్య పదిమంది వెళ్ళిపోతారు. 19వ ఎంపిక వచ్చేసరికి, మీరు గీసుకొన్న గీతకు పైన రన్నింగ్‌బ్యాక్ ఒక్కడే మిగిలి, బంతి అందుకొనే రిసీవర్లు ఆరుగురు మిగిలి ఉంటే, పట్టికలో రిసీవర్ రెండు మెట్లు పైనున్నా రన్నింగ్‌బ్యాక్‌నే తీసుకోవాలి. ఆరుగురిలో ఒకడైనా 30 దాకా మిగలవచ్చు. ఆ ఒక్కడు మిగలడు. గీతలు లేని పట్టిక ఈ మాట చెప్పలేదు.

మరొక చిక్కు. పట్టిక ఎవరి నిబంధనలకు తయారైనది? బంతి పట్టుకొన్న ప్రతిసారీ ఒక పాయింటు ఇచ్చే జట్లు కొన్ని, అర పాయింటు ఇచ్చేవి కొన్ని, ఏమీ ఇవ్వనివి కొన్ని. మొదటి పద్ధతికి కట్టిన పట్టికను మూడవ పద్ధతి ఆటకు తీసుకొనిపోవడం, ఒక వ్యాకరణ సూత్రాన్ని మరొక భాషకు పట్టించడంవంటిదే. అయినా ఇది చూసుకోకుండానే కూర్చునేవారు ఉంటారని విన్నాను.

ఈ క్రీడకు 1962లో బీజం వేసినది ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటాదారుడైన బిల్ వింకెన్‌బాక్. 1963లో ఓక్లాండ్‌లో ఎనిమిది జట్లతో తొలి డ్రాఫ్ట్ జరిగింది. అందులో అందరికంటె ముందు కోరుకొన్నది జార్జ్ బ్లాండా అనే క్వార్టర్‌బ్యాక్‌ను. జిమ్ బ్రౌన్ తరువాతివాడికి మిగిలాడు. ఆ సంవత్సరం జిమ్ బ్రౌన్ 14 ఆటలలో 1,863 గజాలు పరుగెత్తాడు. ఈ ఆట పుట్టిననాటినుంచే తొలి ఎంపికకు జాతకం బాగులేదన్నమాట.

అరవైయేళ్ళు గడిచి, పట్టికలు కట్టేవారు వందలకొద్దీ పుట్టుకొచ్చిన తరువాత కూడా మారిందేమీ లేదు. 2024లో అత్యధికుల పట్టికలో ప్రథముడు క్రిస్టియన్ మెకాఫ్రీ. గాయాలతో ఆ సంవత్సరం నాలుగే ఆటలు ఆడాడు. అంతకు ముందటి ఏడాది, 2023లో, అయిదవ చుట్టులో లాస్ ఏంజెలెస్ జట్టులోకి వచ్చిన పూకా నకువా అనే కొత్త కుర్రవాడిని ఫాంటసీ పట్టికలు దాదాపు పట్టించుకోనేలేదు. అతను 105 సార్లు బంతి అందుకొని 1,486 గజాలు సాధించి, తొలి సంవత్సరపు ఆటగాళ్ళలో కొత్త రికార్డు నెలకొల్పాడు. కనుక పట్టిక పనికిరాదని నేననను. గాయాన్ని ఎవరూ ముందుగా రాయలేరు. ప్రథముడన్న మాటను నమ్మి ప్రాణం పెట్టుకోవలసిన పని లేదంటాను. మొదటి తరగతిలో అయిదుగురుంటే, వారిలో ఎవరు దక్కినా సంతోషించగలగాలి.

డబ్బు మాట చెప్పక తప్పదు. స్నేహితులు తలా కొంత వేసుకొని, గెలిచినవాడు అందరికీ విందు చేయడం ఒక పద్ధతి. ముఖం తెలియని లక్షలమందితో రోజూ పందెం కాయడం మరొక పద్ధతి. మనదేశంలో క్రికెట్ పేరిట రెండవదే పెరిగింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ తమ జూద నిషేధ చట్టాలను సవరించి డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేయడంతో డ్రీమ్ 11 వంటి సంస్థలు డబ్బు పోటీలను నిలిపివేశాయి. అంతకు ముందు “ఇది నైపుణ్యంతో కూడిన ఆట” అన్న వాదన గట్టిగా వినిపించేది. పేకాటలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1968లో సుప్రీంకోర్టు మన రాష్ట్రపు వ్యాజ్యంలోనే చెప్పిన మాటను అందుకు ఆధారం చేసుకొనేవారు.

నైపుణ్యమనే మాటను నేను కాదనను. కాని ఎవరి నైపుణ్యం? ఎవరో కట్టిన పట్టికను ఉన్నదున్నట్టు దించుకొని, పై పేరు తీసుకొంటూ పోయేవాడి చేతిలో ఉన్నది నైపుణ్యం కాదు. పందెం గెలిచినా ఓడినా కుక్కుటశాస్త్రం అమ్మినవాడి డబ్బు వాడికి ముట్టింది. ఆ పుస్తకాన్ని నమ్మి పొలం గట్టు దాకా పోయినవాళ్ళను మా ప్రాంతంలో వేలు పెట్టి చూపవచ్చు. వారందరూ తమకు శాస్త్రం తెలుసనే అనేవారు. స్వయంగా గీతలు గీసినవాడికి కనీసం తన గీత ఎక్కడ తప్పిందో వచ్చే ఏటికి తెలుస్తుంది. దించుకొన్నవాడికి తిట్టడానికి పట్టిక తప్ప ఏమీ మిగలదు.

గీతలు గీయడానికి ఒక సాయంత్రం చాలు. రెండు మూడు పట్టికలు దగ్గర పెట్టుకొని, వాటిలో ఒకే ఆటగాడికి పది పదిహేను స్థానాల తేడా కనబడినచోట ఆగి, ఎందుకని ఆలోచిస్తే సగం పని అయినట్టే. సగటు ఆ తగాదాను కప్పిపుచ్చుతుంది కనుక సగటు పట్టికను చివర చూడటం మేలు. క్వార్టర్‌బ్యాక్‌లకు మూడు గీతలు మించి అక్కరలేదు. రన్నింగ్‌బ్యాక్‌లకు ఆరేడు పడవచ్చు. కిక్కర్లకు గీతలే అక్కరలేదు, వారిని ఆఖరి చుట్టుకు వదిలివేయవచ్చు. అమెరికాలో ఉన్న బ్లాగు మిత్రులు ఈసారి డ్రాఫ్టుకు కూర్చుంటే, తమ గీతలు ఎక్కడ పడ్డాయో ఒక టపా రాయగోరుతాను.