మంచు కమ్మిన గట్టుదారి

డిసెంబరు, జనవరి నెలల వేకువలలో కోనసీమను పొగమంచు కమ్ముకుంటుంది. మన ప్రాంతపు దారులలో అనేకం కాలువ గట్ల మీదుగానే సాగుతాయి. మంచు దట్టమైన వేళ గట్టు ఎక్కడ ముగిసి నీరు ఎక్కడ మొదలవుతున్నదో కంటికి ఆనదు.

మంచులో వాహనం నడపడాన్ని మన యువకులు ధైర్యానికి పరీక్షగా భావిస్తారు. నిజానికి అది లెక్కకు సంబంధించిన విషయం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. 20 మీటర్లకు మించి దారి కనిపించనప్పుడు, ఎదుట దీపం లేని కొబ్బరికాయల లారీ నిలిచి ఉంటే, కాలు బ్రేకును చేరేసరికే ఆ దూరం కరిగిపోతుంది. కనిపించినంత దూరంలో ఆపగలిగిన వేగమే తగిన వేగం.

హైబీమ్ వెలుగు మంచు బిందువులపై పడి తిరిగి మన కళ్ళలోకే వస్తుంది. కాబట్టి డిప్ లైటుతోనే నడపాలి. ముందు వాహనానికి ఎడం పాటించాలి, దానిని దాటిపోవాలని చూడరాదు. దారి బొత్తిగా కానరాకుంటే రోడ్డు మీద కాక, పెట్రోలు బంకు వంటి చోట ఆగాలి. కెనడా, అమెరికాలలో అసలైన మంచుపై కారు నడపడం నేర్చుకునే మన పిల్లలకు చెప్పే తొలి పాఠాలూ ఇవే: నిదానం, ఎడం, హఠాత్తుగా బ్రేకు వేయకపోవడం.

అయితే తొందర చాలాసార్లు ఇంటిలోనే పుడుతుంది. “రైలు తప్పిపోతుంది, అల్లాహ్ ఉన్నాడు, పోనివ్వు నాయనా” అని పెద్దలే అంటూ ఉంటారు. ఒంటెను కట్టివేసి, ఆ తరువాతనే అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక వ్యక్తికి బోధించారు. చలి, వాన గల రాత్రి ఇండ్లలోనే నమాజు చేసుకోమని ప్రకటించవలసిందిగా ఆయన ముఅజ్జిన్‌ను ఆదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. సామూహిక నమాజు విషయంలోనే ఇంతటి వెసులుబాటు ఉండగా, మన రైలు, మన పెళ్ళివిందు అంతకంటే గొప్పవా?

వాహనంలోని వారి ప్రాణాలే కాదు, గట్టు వెంట సైకిలుపై వచ్చే పాలవాని ప్రాణం కూడా మన చేతిలోని అమానతే. కనుక గంట ముందు బయలుదేరుదాం, లేదా ఎండ వచ్చేవరకు ఆగుదాం. ఆలస్యంగా చేరిన బిడ్డను నిందించక, క్షేమంగా చేరినందుకు అల్‌హమ్దులిల్లాహ్ అందాం.

అల్లాహ్ మనందరి ప్రయాణాలను సురక్షితం చేయుగాక! ఆమీన్.