పుస్తకం చదివితే బంతి మాట వింటుందా?

ఈత పుస్తకం చదివి చెరువులోకి దూకేవాళ్లు ఉండరు. సైకిలు తొక్కడం ఎలా అనే పుస్తకం కొనేవాళ్లూ కనిపించరు. గోల్ఫ్ దారి మాత్రం వేరు! కర్ర చేతపట్టిన కొత్త ఆటగాడు మైదానం నుంచి తిరిగొస్తూ పుస్తకాల షాపులోకి తొంగిచూస్తాడు. బంతి అనుకున్న చోటికి వెళ్లడం లేదని ఒక పుస్తకం. సరిగ్గానే వెళ్తోందిగానీ దూరం చాలడం లేదని ఇంకొకటి. అవి చదివాక మొదటి తప్పే మళ్లీ వచ్చిందని మూడోది. అలా అలమర నిండుతుంది. మరి ఆట? అది బాగుపడుతుందా?

ఈ మోజు నిన్నా మొన్నటిది కాదు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో థామస్ కింకెయిడ్ అనే వైద్య విద్యార్థి కర్ర ఎలా తిప్పాలో 1687లోనే తన డైరీలో రాసుకున్నాడు. మన దగ్గర సిపాయిల తిరుగుబాటు జరిగిన 1857లో ‘ద గోల్ఫర్స్ మాన్యువల్’ అనే పుస్తకం స్కాట్లండ్‌లోనే అచ్చయింది. ఆట నేర్పే తొలి పుస్తకంగా దాన్నే చెప్పుకుంటారు. సరిగ్గా వందేళ్లకు, 1957లో, అమెరికాలో అన్నిటినీ తలదన్నే పుస్తకం వచ్చింది. దాని పేరు ‘ఫైవ్ లెసన్స్’. రాసింది బెన్ హోగన్.

హోగన్ అంటే సామాన్యుడు కాదు. 1949లో ఆయన కారును బస్సు ఢీకొట్టింది. మళ్లీ నడవడమే కష్టమనుకున్నారు. 1950లో ఆయన యూఎస్ ఓపెన్ గెలిచి చూపించాడు! 1953లో ఒకే ఏడాదిలో మూడు ప్రధాన టోర్నీలు గెలిచాడు. అలాంటివాడు తన రహస్యాలు చెబుతానంటే ఎవరు మాత్రం కొనరు? హెర్బర్ట్ వారెన్ విండ్ అనే రచయిత అక్షరం పెట్టాడు. ఆంటొనీ రావియెల్లి బొమ్మలు గీశాడు. ముందు ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రికలో వచ్చి, తర్వాత పుస్తకమైంది. ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

అందులో హోగన్ ఓ పెద్ద భరోసా ఇచ్చాడు. మామూలు మనిషి కూడా ఓపికగా సాధన చేస్తే 80 లోపు దెబ్బల్లో ఆట ముగించవచ్చన్నాడు. గోల్ఫ్‌లో 18 గుంతలుంటాయి. సాధారణంగా 72 దెబ్బల్లో పూర్తిచేస్తే అది ఉత్తమ ఆటగాడి లెక్క. సరదాగా ఆడేవాళ్లలో చాలామందికి వంద లోపు రావడమే గగనం. వాళ్లకు 80 అంటే ఆకాశానికి నిచ్చెనే!

ఓ ఏకలవ్యుడి కథ

ఆ నిచ్చెన ఎక్కినవాడు ఒకడున్నాడు. పేరు లారీ నెల్సన్. వియత్నాం యుద్ధంలో సైనికుడిగా పనిచేసి తిరిగొచ్చాడు. 21 ఏళ్లు వచ్చేదాకా గోల్ఫ్ ఆడనే లేదు. తర్వాత హోగన్ పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నాడు. మొట్టమొదటి ఆటలోనే వంద లోపు ముగించాడు. తొమ్మిది నెలలు తిరిగేసరికి 70 లోపుకి వచ్చేశాడు. ఆపైన 1981లో, 1987లో పీజీఏ ఛాంపియన్‌షిప్, మధ్యలో 1983లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ద్రోణుడి మట్టిబొమ్మ ముందు విలువిద్య నేర్చిన ఏకలవ్యుడికి ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకడు.

అయితే ఏకలవ్యుడి కథలో జనం మర్చిపోయే సంగతి ఒకటుంది. మట్టిబొమ్మ ఆయనకు ఏమీ చెప్పలేదు. తప్పు ఎక్కడుందో చెప్పింది గురి తప్పిన బాణాలే. నెల్సన్ విషయమూ అంతే. చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడిన చేతులు, రోజుల తరబడి సాధన, ప్రతి దెబ్బకూ జవాబు చెప్పే బంతి... వీటి పక్కన పుస్తకం నిలబడింది. హోగన్ పుస్తకం కొన్నవాళ్లెందరో ఉన్నా, దాంతో ఛాంపియన్ అయినవాడెవరు అంటే అందరూ ముందు చెప్పే పేరు నెల్సన్‌దే. మిగిలినవాళ్లకు ఏమైనట్టు?

పక్కింటాయన మందుచీటీ

పక్కింటాయనకు బీపీ ఎక్కువ. మనకు తక్కువ. ఆయన మందుచీటీ తీసుకెళ్లి మనం మాత్రలు కొనుక్కుంటే ఏమవుతుంది? గోల్ఫ్ పుస్తకాలతో వచ్చే మొదటి చిక్కు ఇదే.

కుడిచేతి వాటం ఆటగాడు కొట్టిన బంతి గాల్లో ఎడమవైపు బాగా వంగిపోతే దాన్ని హుక్ అంటారు. కుడివైపు వంగిపోతే స్లైస్. హోగన్‌ను ఏళ్ల తరబడి వేధించింది హుక్. దాన్ని అణచడానికే ఆయన కర్ర పట్టు మార్చుకున్నాడు. పుస్తకంలో చూపించిన పట్టు అదే. కానీ సరదా ఆటగాళ్లలో ఎక్కువమంది బాధ స్లైస్! బంతి ఎడమకు పోకుండా ఆపే పట్టు వాళ్లు పడితే అది ఇంకాస్త కుడికే పోతుంది. పుస్తకంలో తప్పు లేదు, చదివినవాడి శ్రద్ధలోనూ లోపం లేదు. రోగమే వేరు.

ఈ సంగతి బాగా తెలిసినవాడు హార్వే పెనిక్. టెక్సాస్‌లోని ఆస్టిన్ కంట్రీ క్లబ్‌లో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పిన పెద్దాయన. తను గమనించినవన్నీ ఎర్రట్ట నోటుపుస్తకంలో రాసుకునేవాడు. 87 ఏళ్ల వయసులో, 1992లో, అవి ‘లిటిల్ రెడ్ బుక్’ పేరుతో వెలువడి పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఆయన శిష్యుల్లో ఇద్దరు ఘనులు... టామ్ కైట్, బెన్ క్రెన్షా. ఒకరికి పాఠం చెబుతున్నప్పుడు రెండోవాణ్ని చూడనిచ్చేవాడు కాదు పెనిక్. ఒకరికి చెప్పిన మాట ఇంకొకరు పట్టుకుని ఆట చెడగొట్టుకుంటారని భయం. అంతగా పేరొచ్చిన పుస్తకం రాసిన గురువుకే ఆ భయం ఉంటే, ముక్కూ మొహం తెలియని లక్షలమందికి ఒకే పాఠం చెప్పే పుస్తకం సంగతి ఏమనాలి?

చివరి రోజుల్లో క్రెన్షాకు మంచం మీద నుంచే పాఠం చెప్పాడు పెనిక్. అప్పుడూ శిష్యుడి చేత కర్ర పట్టించి, కొట్టించి చూశాకే చెప్పాడు. 1995 ఏప్రిల్ 2న కన్నుమూశాడు. సరిగ్గా వారానికి క్రెన్షా మాస్టర్స్ టోర్నీ గెలిచాడు.

ఇక రెండో చిక్కు. పుస్తకాల్లో ఉన్నదంతా నిజం కాకపోవడం. బంతి మొదట కర్ర ఊగిన దిశలో బయలుదేరి, తర్వాత కర్ర ముఖం చూస్తున్న వైపు వంగుతుందని పాత పుస్తకాలు చాలావాటిలో కనిపించేది. 2000 తర్వాత ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్ పరికరాలు వచ్చి లెక్క తేల్చాయి. బంతి బయలుదేరే దిశను చాలావరకు నిర్ణయించేది తగిలిన క్షణంలో కర్ర ముఖమే. ఎదురుగా చెట్టుంది, దాన్ని చుట్టి బంతిని అవతలికి పంపాలి అనుకోండి. పాత మాట నమ్మి కర్ర ముఖాన్ని చెట్టు వెనకున్న లక్ష్యం వైపు పెట్టి కొడితే బంతి ముందుగా పలకరించేది చెట్టునే! తనకే చేతకావడం లేదని ఎందరు తమను తాము తిట్టుకున్నారో మరి.

తల నిండా సూచనలు

మూడో చిక్కు అన్నిటికన్నా పెద్దది. పైకెత్తిన కర్ర కిందికి దిగి బంతిని తాకడానికి పట్టే సమయం సుమారు పావు సెకను. బంతీ కర్రా కలిసి ఉండేది అర మిల్లీసెకను. ఆ కాస్త వ్యవధిలో ఎడమ మోచెయ్యి నిటారు, కుడి మోకాలు లోపలికి, నడుము ముందు, భుజం తర్వాత... అని జపం చేయడం ఎవరి తరం?

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. రిచ్ మాస్టర్స్ అనే పరిశోధకుడు 1992లో కొత్తవాళ్లకు గుంతలోకి బంతిని దొర్లించడం నేర్పించాడు. కొందరికి ఎలా కొట్టాలో వివరమైన సూచనలిచ్చాడు. ఇంకొందరికి ఏమీ చెప్పలేదు. పైగా వాళ్ల బుర్ర ఆలోచనలో పడకుండా నోటితో ఏవో అక్షరాలు చెబుతూ ఆడమన్నాడు. సాధనలో సూచనలు అందినవాళ్లే ముందున్నారు. తర్వాత డబ్బు ముడిపెట్టి, ఎవరో చూసి అంచనా కడతారని చెప్పి ఒత్తిడి పెంచాడు. అప్పుడు సూచనలు నేర్చినవాళ్ల ప్రగతి ఆగిపోయింది. ఏమీ చెప్పనివాళ్లు మాత్రం ఇంకా మెరుగవుతూనే పోయారు.

1999లో గాబ్రియెల్ వుల్ఫ్, ఆమె సహచరులు ఇంకో ప్రయోగం చేశారు. గోల్ఫ్ ఎరగని 22 మందిలో సగంమందిని చేతుల ఊపు మీద మనసు పెట్టమన్నారు. మిగతావాళ్లను కర్ర కదలిక మీద. గురి ఎవరికి కుదిరింది? కర్రను తలచుకున్నవాళ్లకే. ఇందులో వింతేమీ లేదు. ముగ్గు వేసే అమ్మ చూపు చుక్కల మీద ఉంటుందిగానీ వేళ్ల మీద ఉండదు కదా!

ఎక్కువ పుస్తకాలు మనిషిని తన మోచేతుల వంకా మోకాళ్ల వంకా చూసుకోమంటాయి. ఇంట్లో అద్దం ముందు అన్నీ సరిగ్గానే ఉంటాయి. నలుగురి ముందు మొదటి దెబ్బ కొట్టేటప్పుడే అవన్నీ ఒకేసారి గుర్తొచ్చి చెయ్యి బిగుసుకుంటుంది.

మరి కొన్న పుస్తకాలు దండగేనా?

కానే కాదు. పుస్తకం బాగా నేర్పగలిగేవి కదలనివి. కర్ర పట్టడం, కాళ్ల మధ్య ఎడం, బంతిని ఎక్కడ ఉంచుకోవాలి, ఎటు గురిపెట్టాలి... ఇవన్నీ బొమ్మ చూసి, తీరిగ్గా సరిచూసుకోవచ్చు. హోగన్ అయిదు పాఠాల్లో మొదటి రెండూ ఇవే. కాకపోతే పట్టు విషయంలో తన బంతి ఎటు వంగుతోందో ముందు చూసుకోవాలి. ఆట నియమాలు, మైదానంలో మర్యాద, ఏ చోట ఏ కర్ర తీయాలనే తెలివి కూడా చదివి నేర్చుకోదగ్గవే. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ 2014లో వచ్చిన ‘ఎవ్రీ షాట్ కౌంట్స్’లో కర్ర తిప్పడం జోలికి పోకుండా లెక్కలు ముందుపెట్టాడు. గుంత దగ్గర దొర్లించే దెబ్బలే ఆటను తేలుస్తాయన్నది పాత నమ్మకం. దూరం నుంచి గుంత ఉన్న పచ్చిక మీదికి చేర్చే దెబ్బలదే పెద్ద వాటా అని ఆ లెక్కలు చూపించాయి. సాధనకు దొరికే కాస్త సమయం దేనికి ఖర్చుపెట్టాలో తెలియడం చిన్న లాభమా?

కదిలేవాటికి మాత్రం కళ్లు కావాలి. గురువు కళ్లయితే మంచిది. లేదంటే ఫోన్లో తీసిన వీడియో. ఎందుకంటే ఆటగాడికి తను చేస్తున్నట్టు అనిపించేదీ, నిజంగా చేసేదీ తరచూ ఒకటి కావు. చెయ్యి నిటారుగానే ఉందనుకుంటాడు. వీడియోలో కొడవలిలా వంగి కనిపిస్తుంది. చూసి నేర్చుకున్నవాళ్లకు మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఢిల్లీలో ఇతరుల కర్రల సంచి మోస్తూ ఆట ఒంటబట్టించుకున్న అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ టోర్నీ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆటగాడు ఆయనే.

హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన, విశాఖలో ముడసర్లోవ దగ్గర గోల్ఫ్ మైదానాలున్నాయి. అక్కడికి వెళ్లే ఉద్యోగికైనా, వ్యాపారికైనా దొరికేది వారానికి ఒక పూట. అందులో ఇంటివాళ్ల వాటా కూడా కలిసే ఉంటుంది. ఆ పూటంతా మోచెయ్యిని తిట్టుకుంటూ గడిపి, ముఖం మాడ్చుకుని ఇంటికొస్తే ఎవరికి లాభం?

కాబట్టి పుస్తకం చదవాల్సిందే. కానీ ఒకసారికి ఒక్క మాటే తీసుకోవాలి. ముందు తన బంతి ఏ వైపు వంగుతోందో పది రోజులు రాసుకోవాలి. ఆ బాధకు సంబంధించిన పేజీ ఒక్కటే తెరవాలి. సాధన స్థలంలో కొన్ని వారాలు ప్రయత్నించాలి. బంతి మెరుగైతే ఉంచుకోవాలి, లేకపోతే వదిలేయాలి, అది రాసింది ఎంత పెద్ద ఛాంపియన్ అయినా సరే. పోటీ రోజున పుస్తకాన్ని ఇంట్లోనే ఉంచి, కళ్లను లక్ష్యం మీద పెట్టి కొట్టాలి. పోటీ రోజున పాఠం కొత్తగా నేర్చుకునే వీలుండదు. బంతికి ఎలాగూ చదువు రాదు!