టవర్ ఎక్కేముందు అడుగుదాం



ఎండలు ముదిరినాయంటే మనవాళ్ళు ఆదివారం పూట కొండమీది వాచ్ టవర్ చూడటానికి పోతుంటారు. పోవడం తప్పని నేను అనను. ఎట్లా పోవాలో చెప్పాలని రాస్తున్నా. తప్పు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

పోయిన మార్చిలో ఆరుగురం పోయినాము. ఎవర్నీ అడక్కుండా, కేకలు పెట్టుకుంటూ మెట్లెక్కినాము. పైన వాచర్ మామ ఒక్కడే ఉన్నాడు. మూలన క్యాన్‌లో నీళ్ళుంటే గటగటా తాగి, మిగిలినవాటితో మొహాలు కడుక్కున్నాము. మామ ఏమీ అనలేదు. మేము దిగేటప్పుడు ఖాళీ క్యాన్ భుజానేసుకుని మా వెంటే దిగినాడు.

"యాడికి మామా?" అంటే "నీళ్ళకు నాయనా" అన్నాడు.

వాగు ఎండిపోయింది. బోరింగు కొండకింద ఊర్లో ఉంది. ఆయన పోయి వచ్చేదాకా టవర్ మీద మనిషి లేడు. ఆ పొద్దు అగ్గి పడలేదు. అది మా అదృష్టమే గాని మా గొప్ప కాదు.

చేనికి మంచె ఎట్లాంటిదో అడవికి టవర్ అట్లాంటిది. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా మన కొండల్లో గడ్డి, రాలిన ఆకు ఎండి గలగలమంటుంటాయి. ఆర్పని బీడీ ముక్క ఒక్కటి చాలు. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అడవి అంటుకుంటే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనబడింది మన లంకమల అంచునే. అట్లాంటి అడవి ఇది.

ఇప్పుడు ఉపగ్రహాలు అగ్గిజాడ పట్టి ఫోన్లకు కబురు పంపుతున్నాయి, టవర్ ఎందుకని కొందరంటారు. ఆ ఉపగ్రహాలు మన కొండమీదికి రోజుకు కొన్నిసార్లే వస్తాయి. మామ కళ్ళు పొద్దంతా అక్కడే ఉంటాయి. లేచిన పొగ ఏ గుట్టదో, ఏ దోవన పోవాలో ఆయనకే తెలుసు.

"అది సర్కారు టవర్, మనకూ హక్కుంది" అని ఇంకొందరంటారు. బస్సు కూడా సర్కారుదే. అట్లని పోయి డ్రైవర్ సీట్లో కూర్చుంటామా?

అందుకే నా అభిప్రాయం ఇది. సారును, ఫారెస్టు వాళ్ళను అడిగే పోదాం. కింద నిలబడి పిలుద్దాం, రమ్మంటేనే ఎక్కుదాం, అదీ ఇద్దరిద్దరుగా. అగ్గిపెట్టె జేబులో వద్దు. ఆయన చూపుకు అడ్డం నిలబడొద్దు. వాకీటాకీలో మాట్లాడుతుంటే నోరు మూసుకుందాం. దుర్భిణి ఆయన ఇస్తేనే తీసుకుందాం. మన నీళ్ళు మనమే మోసుకుపోయి, ఆయనకూ ఒక సీసా ఇచ్చి వద్దాం.

వార్డెన్ సారూ, తమరు అనుమతిస్తే వచ్చే ఆదివారం నేను ఒక క్యాన్ నీళ్ళు మోసుకుపోతాను. మామకు నేను బాకీ ఉన్నాను. ఆ రోజు నాతో వచ్చిన ఐదుగురూ ఇది చదువుతారనే అనుకుంటున్నా.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
తొమ్మిదో తరగతి