లెక్కకి రాని 24 గంటలు

ఎం.ఏ. క్లాసులో విమల ‘వంటిల్లు’ చెప్పినప్పుడు, లెక్కకి రాని శ్రమ గురించి పిల్లలు చక్కగా మాట్లాడతారు. చెప్పే నా శ్రమ కూడా అదే ఖాతాలో ఉంది. డాక్టరేట్ ఉన్నా నేను గెస్ట్ ఫ్యాకల్టీని. (ఏ ఇంట్లోనైనా అతిథికి కుర్చీ వేస్తారు!)

యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పని వారానికి 40 గంటలు. అందులో నేరుగా బోధన 16 గంటలు. అంటే తక్కిన 24 గంటల్లో చదువుకోవడం, పాఠం తయారుచేసుకోవడం, విద్యార్థులతో మాట్లాడటం అన్నీ పనే. న్యాయమే. అదే యూజీసీ 2019లో గెస్టులకి క్లాసుకి 1,500 రూపాయలు, నెలకి 50,000 మించకూడదంది. మరి ఆ 24 గంటలు ఎక్కడికి పోయాయి? ఇంట్లో వంటలాగా పాఠం కూడా దానంతటదే తయారైపోతుందా? నెలలో ముప్ఫై అయిదో క్లాసు చెబితే అదీ ఉచితమే.

‘ఆడవాళ్లకి అనువైన ఉద్యోగమే కదమ్మా’ అంటారు పెద్దలు. అనువు ఎవరికి? 2017లో ప్రసూతి సెలవు 26 వారాలైంది. గర్భిణిని తీసేశామని ఏ శాఖా కాగితం మీద రాయదు. వచ్చే సెమిస్టర్ జాబితాలో పేరుండదు, అంతే.

స్త్రీవాద సదస్సుల్లో అధ్యక్షత వహించే శాఖాధిపతులు ముందు మా హాజరు రిజిస్టరులో ఆ 24 గంటలకీ ఒక గడి గీయించండి.