పోయిన పుస్తకానికి వెల కట్టేదెవరు?

గ్రంథాలయం నుంచి ఇంటికి తెచ్చుకొన్న పుస్తకం పోతే పాఠకుడు ఎంత చెల్లించాలి? ఇది గుమాస్తాలు చూసుకోవలసిన చిల్లర లెక్క అని మనలో చాలామంది అభిప్రాయం. కాదని నా వాదన. ఒక గ్రంథాలయం పుస్తకాన్ని ఏమనుకొంటున్నదో, పాఠకుణ్ణి ఏమనుకొంటున్నదో దాని సభ్యత్వ నియమాలలోని ఈ ఒక్క పంక్తి చదివితే తెలిసిపోతుంది.

మన కళాశాలల్లోను, ప్రభుత్వ గ్రంథాలయాల్లోను పలుచోట్ల ఆ పంక్తి ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. పుస్తకం పోగొట్టినవారు అదే పుస్తకాన్ని కొని ఇవ్వాలి, లేదా దాని ధరకు రెట్టింపు సొమ్ము చెల్లించాలి. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కంతా "దాని ధర" అన్న మాటలో ఉంది. ఏ ధర? పుస్తకం గ్రంథాలయంలో అడుగుపెట్టిన నాడు ఆక్సెషన్ రిజిస్టరులో ధర గడిలో రాసిన అంకె. ఒకసారి రాసిన తర్వాత ఆ అంకెను మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. దేశంలో సమస్త వస్తువుల ధరలూ పెరిగినా ఆ గడిలో మాత్రం కాలం నిలిచిపోతుంది. పుస్తకం విరాళంగా వచ్చినదైతే అక్కడ ఒక గీత తప్ప మరేమీ ఉండదు.

ఈ నియమం ఎవరిని శిక్షిస్తున్నదో, ఎవరిని వదిలేస్తున్నదో రెండు ఉదాహరణలతో చూద్దాం. రెండూ నేను ఊహించినవే. కాని ఏ జిల్లా గ్రంథాలయంలోనైనా రేపు జరగగలిగినవే.

గట్టు మండలంలోని ఒక పల్లె నుంచి గద్వాలకు వచ్చి ఉద్యోగ పరీక్షలకు చదువుకొంటున్న యువకుడు ఒకడున్నాడనుకొందాం. 600 రూపాయల గైడు ఒకటి ఇంటికి తీసుకుపోతూ బస్సులో మరచిపోయాడు. నియమం ప్రకారం 1,200 రూపాయలు కట్టాలి. ఆ గైడును గ్రంథాలయం కొన్నది 600కు కాదు. గ్రంథాలయాలకు పుస్తకాలమ్మేవారు తగ్గింపు ఇస్తారు. పైగా వచ్చే ఏడు కొత్త ముద్రణ రాగానే ఆ గైడు విలువ రద్దీ కాగితం విలువే. అంటే ఈ పోగొట్టుకోవడంలో గ్రంథాలయానికి నష్టం కాదు, లాభం వచ్చింది. ఆ యువకుడు మాత్రం ఇక గ్రంథాలయం గడప తొక్కడు.

ఇప్పుడు రెండో మనిషి. పాత పుస్తకాల రుచి తెలిసినవాడు. 1960లలో అచ్చయి, మళ్ళీ అచ్చుకాని ఒక గ్రంథం బీరువాలో కనిపించింది. రిజిస్టరులో ధర 3 రూపాయలు. ఇంటికి తీసుకుపోయి, నెల తర్వాత వచ్చి, "అయ్యా, పుస్తకం పోయింది" అని విచారవదనంతో 6 రూపాయలు చెల్లించి రసీదు పుచ్చుకొన్నాడు. ఒక చాయ్ ఖర్చుతో ఆ గ్రంథం అతని సొంతమయింది, అదీ చట్టబద్ధంగా! గ్రంథాలయానికి ఆ పుస్తకం ఇక ఏ ధరకూ దొరకదు.

పొరపాటు చేసినవాణ్ణి పిండి, కాజేసినవాడికి రసీదు ఇచ్చి పంపే నియమాన్ని ఏమనాలి? రెట్టింపు అన్న మాట కఠినంగా వినిపిస్తుంది కనుక అది పుస్తకాలను కాపాడుతున్నదని మనం భ్రమపడుతున్నాం. అది కాపాడుతున్నది రిజిస్టరును. పోయిన పుస్తకానికి ఎదురుగా ఏదో ఒక అంకె జమపడితే ఆడిటు అభ్యంతరం ఉండదు. బీరువాలో ఖాళీ అలాగే ఉంటుంది.

గద్వాల పేరు ఊరకే ఎత్తలేదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఆ నడిగడ్డ సీమకు పుస్తకం పోవడమంటే ఏమిటో మిగతావారికన్నా బాగా తెలియాలి. కవిపండిత పోషణ వల్ల విద్వద్గద్వాల అనిపించుకొన్న సంస్థానమది. ఆ సీమలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణ వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసంతో సరిపెట్టలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించి 354 మంది కవులను చూపించారు. ఆ జవాబు సాధ్యం కావడానికి కారణం ఒక్కటే: ఎక్కడెక్కడో ఎవరెవరో ఆ రాతలను పారేయకుండా దాచి ఉంచారు. ఇలాంటి ప్రాంతంలో ఒక పాత పుస్తకం ఒక సాక్షి. సాక్షి మాయమైతే దానికి అట్టమీది ధరను రెండుతో హెచ్చవేసి పరిహారం లెక్కగట్టడం హాస్యాస్పదం కాదా?

ఇక పాఠకుడి వైపు నుంచి చూద్దాం. ప్రభుత్వ గ్రంథాలయం మనకు ఉచితంగా ఇచ్చే దానమేమీ కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం, తెలంగాణ ఏర్పడిన తర్వాత ఇక్కడ అన్వయించుకొన్న అదే చట్టం ప్రకారం, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టే గృహస్థు ఏటా 80 రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నాడన్నమాట, ఒక్క పుస్తకం తీసుకోకపోయినా. ఇల్లు తీసుకుపోయి చదవాలంటే దానిపైన ధరావతు వేరు. ఇలా వసూలైన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయక బకాయిపడటం దశాబ్దాలుగా వింటున్న ఫిర్యాదు. పుస్తకం పోగొట్టిన విద్యార్థిని రెట్టింపు కట్టమంటున్నాం. పుస్తకాలు కొనవలసిన సొమ్మునే అట్టిపెట్టుకొన్నవారిని రెట్టింపు కట్టమనేదెవరు?

ఈ కాఠిన్యానికి గ్రంథపాలకులను నిందించడం నా ఉద్దేశం కాదు. వారి భయం నాకు తెలుసు. పుస్తకం తగ్గితే ఆ సొమ్ము తమ జీతంలోంచి పోతుందేమో, పదవీ విరమణ నాడు బకాయి లేదన్న పత్రం ఆగిపోతుందేమో అన్న భయమది. అందుకే మంచి పుస్తకాలు తాళం వేసిన అద్దాల బీరువాల్లో ఉంటాయి. పుస్తకాలున్నది వాడుకోవడానికే అని రంగనాథన్ 1931లోనే తన పంచసూత్రాలలో మొదటిదిగా చెప్పారు. గ్రంథాలయ శాస్త్రం చదివిన ప్రతివారూ పరీక్షలో ఆ సూత్రం రాసి ఉత్తీర్ణులైనవారే. ఉద్యోగంలో చేరాక మాత్రం తాళంచెవిని నమ్ముకోవలసిన పరిస్థితి.

ఆశ్చర్యమేమంటే, ఈ భయానికి మందు ప్రభుత్వ నియమాల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017లో 215వ నియమం చదవండి. ఏడాదిలో ఇచ్చిన, సంప్రదించిన ప్రతి 1,000 సంపుటాలకు 5 పోవడం సహజమే; అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలునంటుంది. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం గాని, అరుదైన పుస్తకం గాని పోతే మాత్రం తప్పక విచారణ జరపాలంటుంది. 2005 నాటి నియమావళిలోనూ ఇదే మాట ఉంది. ఇది కేంద్ర సంస్థల కోసం రాసిన నియమమే, జిల్లా గ్రంథాలయ సంస్థలను నేరుగా కట్టడి చేసేది కాదు. అయినా ఇందులోని వివేకం గమనించదగినది. లెక్క బీరువాలో ఉన్న పుస్తకాల మీద కాదు, పాఠకుల చేతికి వెళ్ళిన పుస్తకాల మీద. ఏడాదికి 10,000 పుస్తకాలు చదివించిన గ్రంథపాలకుడికి 50 పోయినా తప్పులేదు. ఒక్కటీ ఇవ్వనివాడికి ఒక్కటి పోయినా సంజాయిషీ తప్పదు. మనం ఆచరణలో దీన్ని తలకిందులు చేశాం. ఏమీ ఇవ్వనివాడు మనకు సమర్థుడు!

"శిక్ష తగ్గిస్తే అందరూ పుస్తకాలు ఎగ్గొడతారు" అనేవారుంటారు. పుస్తకం పరుల చేతికిపోతే పోయినట్టేనన్నది మనవాళ్ళ పాత నమ్మకం కూడాను. అయితే శిక్షకూ తిరిగిరావడానికీ సంబంధం అంత సూటిగా లేదని బయటి అనుభవం చెబుతున్నది. అమెరికాలోని షికాగో నగర గ్రంథాలయం 2019 అక్టోబరులో ఆలస్య రుసుములన్నీ రద్దుచేసింది. ఆ తర్వాతి వారాలలో ఎప్పటివో పాత పుస్తకాలు కూడా వెనక్కు వచ్చాయి. న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం 2021లో అదే బాట పట్టింది. గమనించండి, వారు రద్దుచేసింది ఆలస్యానికి వేసే రుసుమునే. పుస్తకం పూర్తిగా పోతే, దాని స్థానంలో మరొకటి తేవడానికయ్యే ఖర్చు అక్కడా అడుగుతారు. శిక్ష వేరు, భర్తీ వేరు అని వారు విడదీసుకొన్నారు. మనం రెండింటినీ కలిపి ఒక్క "రెట్టింపు"లో కుక్కాము.

కనుక నా ప్రతిపాదన సూటిగా చెబుతాను. వసూలు చేయవలసింది పుస్తకం ధర కాదు. ఆ పుస్తకాన్ని తిరిగి బీరువాలో నిలబెట్టడానికి అయ్యే ఖర్చు. దీనికి రిజిస్టరులో ధర పక్కన మరొక గడి కావాలి: పుస్తకం ఇప్పుడు దొరుకుతున్నదా లేదా అన్నది.

బజారులో దొరికే పుస్తకమైతే ఏ ముద్రణ అయినా, మంచి స్థితిలో ఉన్న పాత ప్రతి అయినా స్వీకరించాలి. సొమ్మే కడతానంటే, తగ్గింపు పోను నేటి ధర తీసుకోవాలి. రెట్టింపు మాట ఎత్తకూడదు. పాతబడ్డ గైడుకు ఆ పాతదనాన్ని బట్టి తగ్గించాలి.

బజారులో దొరకని పుస్తకమైతే మరో గ్రంథాలయంలోని ప్రతి నుంచి నకలు తీయించాలి. ఇది దొంగచాటు పని కాదు. భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి, లాభాపేక్షలేని ప్రజా గ్రంథాలయం తన ఉపయోగానికి మూడు ప్రతులకు మించకుండా నకళ్ళు తీసుకోవచ్చునని కాపీరైటు చట్టం 52వ సెక్షను స్పష్టంగా అనుమతిస్తున్నది. రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళు గడిస్తే ఆ అడ్డు కూడా లేదు. 1953లో కన్నుమూసిన సురవరం వారి రచనలు 2014 జనవరి 1 నుంచి అందరి సొత్తు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇవాళ ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్న సంగతి జాలంలో తిరిగే మనకు కొత్తగా చెప్పాలా? అచ్చుతీత, బైండింగు ఖర్చు ఎంతయితే అంత పాఠకుడు ఇస్తాడు. 3 రూపాయల పుస్తకానికి 6 కట్టి తప్పించుకొనే పెద్దమనిషి అప్పుడు 400 కట్టవలసి రావచ్చు, అదే న్యాయం.

ఇక ఎక్కడా మరో ప్రతిలేని పుస్తకం. దాన్ని ఇంటికి ఇవ్వకూడదు. చదువుగదిలో కూర్చోబెట్టి చదివించాలి, ముందుగా స్కాన్ చేసి పెట్టాలి. అది పోతే సొమ్ము తీసుకొని మూసేయకుండా విచారణ జరపాలి.

వీటికి తోడు మరికొన్ని. పోయిన పుస్తకం పేరున వచ్చిన సొమ్ము ఆ పుస్తకం కొనడానికే ఖర్చుకావాలి. పుస్తకం తర్వాత దొరికితే సొమ్ము తిరిగి ఇవ్వాలి. కట్టలేని విద్యార్థికి వాయిదాలు ఉండాలి. ప్రకృతి చేసినదానికి పాఠకుణ్ణి బాధ్యుణ్ణి చేయకూడదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలు, అలంపురం మునిగిన రోజులు గుర్తుచేసుకోండి. ఇల్లే నీటిపాలైనవాణ్ణి గ్రంథాలయ పుస్తకమేదని అడగగలమా? ఆ మాట నియమాల్లో రాసి ఉంటేనే గ్రంథపాలకుడు ధైర్యంగా కొట్టివేయగలడు. రాసి లేకపోతే ఆయనకు జాలి ఉన్నా అధికారం ఉండదు.

2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల కొత్త జిల్లా అయింది; దానికంటూ ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ వచ్చింది. కొత్త సంస్థలు పాత రిజిస్టర్లతో పాటు పాత భయాలను కూడా వారసత్వంగా తెచ్చుకోనక్కరలేదు. పైన చెప్పిన వాటిలో ఏ ఒక్కదానికీ కోట్లు అక్కరలేదు, కొత్త భవనం అక్కరలేదు. ఒక తీర్మానం, రిజిస్టరులో ఒక అదనపు గడి చాలు.

మిత్రులారా, ఈసారి సొంతూరు వెళ్ళినప్పుడు అక్కడి గ్రంథాలయంలో సభ్యత్వ నియమాలు అడిగి చదవండి. పోయిన పుస్తకం గురించిన పంక్తి ఎలా ఉందో చూడండి. "రెట్టింపు" అని ఉంటే, దేనికి రెట్టింపు అని మర్యాదగా అడగండి. ఏం జవాబు వచ్చిందో ఇక్కడ రాస్తే నలుగురం కలిసి చర్చించుకొందాం.