కార్ట్రిడ్జ్‌కి వెయ్యి డాలర్లు తర్వాత, ముందు ముల్లు సంగతి చూడండి



నెల రోజుల్లో ముగ్గురు ఫోన్ చేసి ఒకటే అడిగిండ్రు. "అన్నా, టర్న్‌టేబుల్ తీసుకుంటున్న, ఏ కార్ట్రిడ్జ్ వేస్తే మంచిగుంటది?" ముగ్గురూ మన లెక్క సైట్ల మీద పనిచేసేటోళ్లే. ఒకాయన ఫ్రేమింగ్, ఒకాయన డ్రైవాల్, ఇంకొక తమ్ముడు కాంక్రీట్ ఫినిషింగ్. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడ రాస్తున్న. పెద్దగుంటది, చాయ్ పెట్టుకొని చదవండి.

"కష్టం చేసుకునేటోనికి ఇవన్నీ ఎందుకు, ఫోన్ల యూట్యూబ్ లేదా" అనేటోళ్లు ఉంటరు. పాట వినుడే కావాల్నంటే ఫోన్ చాలు, అబద్ధం కాదు. కానీ మనల చానమంది ఇండ్లల్ల నాయన కొన్న కుక్క బొమ్మ ప్లేట్లు ఇంకా ఉన్నయి. ఘంటసాల భగవద్గీత, శంకరాభరణం, పాత సినిమా పాటల చిన్న ప్లేట్లు, నాటకం పద్యాలు. ఊర్ల అటక మీద కవర్లు చెదలు తింటున్నయి. ఇప్పుడు కొందరు సెలవుకి పోయినప్పుడు సూట్‌కేసుల పెట్టుకొని తెస్తున్నరు. అది మంచిదే. కానీ తెచ్చినంక ఇక్కడ దుకాణంల చూడ ముచ్చటగున్న పెట్టె ప్లేయర్ మీద పెట్టి తిప్పుతున్నరు చూడు, నా బాధంత అక్కడనే. గాడి ఒక్కసారి చెక్కుకపోయిందంటే ఆ ప్లేటు మళ్ల దొరకదు.

అట్ల పెట్టె ప్లేయర్ ఒకటి నేను గ్రాముల కాటా పెట్టి కొలిస్తే ముల్లు బరువు 5 గ్రాములు దాటింది. మామూలు ఎల్‌పీకి కావాల్సింది 2 గ్రాముల లోపల. రెండున్నర ఇంతల బరువుతోని గాడిల రుద్దుతున్నట్టు లెక్క. దానికి బరువు తగ్గించే ఏర్పాటు కూడా ఉండదు.

నా అభిప్రాయం ఏందంటే, కార్ట్రిడ్జ్ పేరు కంటే ముల్లు ఆకారం, దాని బరువు, దాని అమరిక, ఈ మూడే ముఖ్యం. వెయ్యి డాలర్ల మూవింగ్ కాయిల్ వంకరగ పెట్టినోని కంటే, వంద డాలర్ల చుట్టుపక్కల మూవింగ్ మాగ్నెట్ సక్కగ పెట్టినోనికి పాట మంచిగ వినిపిస్తది. ఇది నేను కచ్చితంగ చెప్తున్న.

మన పనికి ఆడియో టెక్నికా వీఎం95 వరుస సరిపోతది. ఎందుకంటే బాడీ ఒకటే, ముందల ఉన్న ముల్లు ముక్క మాత్రం గుంజి వేరేది పెట్టుకోవచ్చు. గుండ్రటిది, ఎలిప్టికల్, మైక్రోలీనియర్ ఇట్ల రకాలు. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ కూడా మంచిదే. అది డెన్మార్క్ కంపెనీది, 1.8 గ్రాములు పెట్టమంటది, తర్వాత అదే బాడీకి బ్లూ ముల్లు ఎక్కించుకోవచ్చు. పాత షూర్ కార్ట్రిడ్జ్ ఎవరన్న అమ్ముతున్నరంటే ఆలోచించి తీసుకోండి. షూర్ వాళ్లు 2018ల కార్ట్రిడ్జ్‌ల తయారీ బంద్ చేసిండ్రు, ఒరిజినల్ ముల్లు దొరుకుడు కష్టం.

ముల్లు ధర గురించి ఒక లెక్క చెప్త. ఆడియో టెక్నికా వాళ్ల మాట ప్రకారం ఎలిప్టికల్ ముల్లు 300 గంటలు, గుండ్రటిది 500 గంటలు, మైక్రోలీనియర్ 1000 గంటలు వస్తది. మైక్రోలీనియర్ రెండు వందల డాలర్లు దాటుతది, చూస్తే గుండె గుభేలంటది. కానీ గంటకి ఎంత పడ్డదో చూసుకోండి. కాంక్రీట్ కోసే డైమండ్ బ్లేడ్ మనం ఎట్ల కొంటం? చవక బ్లేడ్ మూడు కొనే బదులు మంచిది ఒకటి. రోజూ వినేటోడైతే మైక్రోలీనియర్ తీసుకోవాలె. ఆదివారం ఒక్క గంట వినేటోనికి ఎలిప్టికల్ అయిదారేండ్లు వస్తది, దానికి అది చాలు.

ఇప్పుడు అసలు సంగతి, 78 ప్లేట్లు. ఇవి లక్కతోని చేసినయి, బరువుగుంటయి, కింద పడితే పెంకు లెక్క పగులుతయి. మన దేశంల 1960లల్ల కూడా ఇవి వచ్చినయి, అందుకే మన ఇండ్లల్ల ఎక్కువ. వీటి గాడి వెడల్పు. ఎల్‌పీ ముల్లు కొస ఒక అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందుల 0.7 భాగం ఉంటది, 78కి దాదాపు 3 భాగాలు కావాలె. ఎల్‌పీ ముల్లు పెడితే అది గాడి అడుగుకి పోయి దుమ్ముల తిరుగుతది, సర్రు సర్రుమని సప్పుడు తప్ప పాట రాదు. అట్లనే 78 ముల్లు తెచ్చి ఎల్‌పీ మీద పెడితే ఎల్‌పీ ఖతం. వీఎం95ల ఎస్‌పీ అని ఉన్నది సూడండి, అది 78 కోసమే. దానికి బరువు 5 గ్రాములు పెట్టాలె. కొన్ని టోన్‌ఆర్మ్‌ల డయల్ మీద 5 దాకా అంకెలు ఉండవు, అందుకే కాటా లేకుండ ఈ పని చెయ్యొద్దు. టర్న్‌టేబుల్ కొనే ముందు 78 స్పీడ్ ఉన్నదా అని కూడా అడగండి. చానా వాటికి 33, 45 మాత్రమే ఉంటయి.

ఇంకొకటి, లక్క ప్లేట్లకి ఆల్కహాల్ తగలనియ్యొద్దు, కరుగుతది. మా రూంల ఒక తమ్ముడు హ్యాండ్ శానిటైజర్ గుడ్డ మీద పోసి తుడవబోయిండు, చెయ్యి పట్టుకొని ఆపిన. మెత్తటి గుడ్డ డిస్టిల్డ్ వాటర్‌ల తడిపి, గట్టిగ పిండి, గాడి ఎటు పోతదో అటే తుడిస్తే చాలు.

అమరిక సంగతికి వస్తే, ఇది మనోళ్లకి వచ్చిన పనే. ఫారమ్‌వర్క్ పెట్టేటోనికి కార్ట్రిడ్జ్ పెట్టుడు ఒక లెక్క కాదు. ముందు టేబుల్‌కి లెవెల్ చూడండి, చిన్న టార్పెడో లెవెల్ ప్లాటర్ మీద రెండు దిక్కుల పెట్టి. కార్ట్రిడ్జ్‌కి రెండు స్క్రూలు, మధ్యల అర అంగుళం. నాలుగు వైర్లు: తెల్లది, నీలంది ఎడమ వైపు, ఎర్రది, ఆకుపచ్చది కుడి వైపు. ప్రొట్రాక్టర్ కాగితం ప్రింట్ తీసుకుంటే సైజు మారకుండ తీయండి, తీసినంక స్కేలు పెట్టి సరిచూడండి. లేకుంటే తప్పు టేపుతోని గోడ కట్టినట్టే. తర్వాత వెనక బరువు తిప్పి, టోన్‌ఆర్మ్ గాల్లో తేలేటట్టు సున్నాకి తెచ్చి, అక్కడి నుంచి ఎన్ని గ్రాములు కావాల్నో అంత తిప్పాలె. కాటాతోని చూడాలె. యాంటీ స్కేటింగ్ కూడా అదే అంకెకి పెట్టి మొదలుపెట్టండి. కాటా ఇరవై డాలర్లలోపే వస్తది.

పాత తెలుగు సినిమా పాటలు మోనో. ఆంప్లిఫయర్ మీద మోనో బటన్ ఉంటే నొక్కండి, గీతల సప్పుడు సగం పోతది. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చెయ్యరు.

ఇక్కడి ఇండ్లు కట్టెవి. పై అంతస్తుల మనిషి నడిస్తే ఫ్లోర్ ఊగి ముల్లు ఎగురుతది. అక్కడ ఉండేటోళ్లు గోడకి షెల్ఫ్ కొట్టి దాని మీద పెట్టుకోండి. స్టడ్‌లు 16 అంగుళాలకి ఒకటి ఉంటయని మీకు నేను చెప్పాల్నా, స్టడ్‌కే కొట్టండి. బేస్‌మెంట్‌ల ఉండేటోళ్లకి కింద కాంక్రీట్ స్లాబ్, ఎంత దుంకినా కదలదు. కిరాయి బేస్‌మెంట్‌ల ఉన్న సుఖం నాకు ఇదొక్కటే కనపడ్డది. చలికాలం ఫర్నేస్ గాలికి ఇల్లు ఎండిపోయి ప్లేటు మీద చెయ్యి పెడితే కరెంటు కొట్టినట్టయితది, దుమ్మంత గుంజుకుంటది. హ్యుమిడిఫయర్ పెడితే ప్లేట్లకీ మంచిది, మన ముక్కులకీ మంచిది.

కొందరు ఊర్ల ఉన్న పాత ప్లేయర్ తెస్త అంటున్నరు. జ్ఞాపకానికైతే తెచ్చుకోండి. అక్కడ 230 వోల్టులు, ఇక్కడ 120. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టు సరి అయితది కానీ, అక్కడ కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60. నేరుగ ఏసీ మోటారుతోని తిరిగేదైతే 33 తిరగాల్సింది 40 తిరుగుతది. ఘంటసాల గొంతు పిల్లగాని గొంతయితది.

స్పీకర్ల దగ్గర మాత్రం మనం అదృష్టవంతులం. పీఎస్‌బీ, పారడైమ్, పీటర్‌బరోల బ్రైస్టన్, ఇవన్నీ ఇక్కడి కంపెనీలే. ఒట్టావల నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌ల ఫ్లాయిడ్ టూల్ అనే ఆయన స్పీకర్లని తెర వెనక పెట్టి మనుషులకి వినిపించి ఏది మంచిదో ఏండ్ల తరబడి పరీక్షలు చేసిండు, ఈ దేశం కంపెనీలు దాంతోని చానా నేర్చుకున్నయి. అవే పాత స్పీకర్లు కిజిజీల తక్కువ ధరకి దొరుకుతయి. కొనే ముందు గ్రిల్ తీసి వూఫర్ చుట్టున్న ఫోమ్ మెల్లగ నొక్కి చూడండి, పొడి రాలితే వదిలేయండి. ఇంకో ముచ్చట, మన కుక్క బొమ్మకి ఈ దేశంతోని పాత సంబంధం ఉన్నది. గ్రామఫోన్ కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ 1900 ప్రాంతంల మాంట్రియల్‌ల కంపెనీ పెట్టిండు. ఇప్పుడు అక్కడ ఆయన పేరు మీద మ్యూజియం ఉన్నది.

చివరగ చెవుల గురించి. ఇది చెప్పకుంటే పైన రాసిందంత దండుగ. ఆంటారియోల 2016 జులై నుంచి కన్‌స్ట్రక్షన్ సైట్లకి కూడా శబ్దం రూల్ ఉన్నది. 8 గంటలకి 85 డెసిబెల్స్. ప్రతి 3 పెరిగితే టైము సగం అయితది. ఆ లెక్కన 100 ఉంటే పావు గంటనే. కట్ ఆఫ్ సా అంతకంటే ఎక్కువనే మోగుతది. శబ్దంతోని ముందుగ పోయేది 4000 హెర్ట్జ్ దగ్గర వినికిడి. ఖరీదైన ముల్లు ఎక్కువ చూపించేది కూడా ఆ పై స్వరాలనే. నా క్రూల ప్లగ్ పెట్టుకోకుండ సా పట్టి, సాయంత్రం కార్ట్రిడ్జ్‌ల గురించి మాట్లాడేటోళ్లు ఉన్నరు, వాళ్లకి మొఖం మీదనే చెప్త. కార్ట్రిడ్జ్ కొనాలనుకున్నోడు ముందు ఆడియాలజిస్ట్ దగ్గర ఒకసారి చెవి టెస్ట్ చేయించుకొని, ఆ కాగితం చూసి ఎంత పెట్టాల్నో నిర్ణయించుకోవాలె.

గ్రాముల కాటా, ప్రొట్రాక్టర్ నా దగ్గర ఉన్నయి. బ్రాంప్టన్ చుట్టుపక్కల ఉన్నోళ్లు ఆదివారం వచ్చి తీసుకపోవచ్చు. కాటా మాత్రం వారంల తెచ్చియ్యాలె, పోయినసారి తీసుకపోయినాయన ఇంకా ఇయ్యలే.