ఢిల్లీ లేఖ: గంట ఎప్పుడు మోగాలి?

నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చాయి. సమ్మె హక్కును గురించి, ఉద్యోగాల తొలగింపును గురించి రాజధానిలో వాదోపవాదాలు జరిగాయి. జరగవలసినవే. అయితే ఆ సందడిలో ఒక విషయం మరుగున పడింది. కర్మాగారంలో కార్మికుడు పీల్చే గాలిలో ఏ విషవాయువు ఎంతకు మించరాదో పాత ఫ్యాక్టరీల చట్టం తన రెండవ షెడ్యూలులో దేశమంతటికీ ఒకే విధంగా నిర్దేశించింది. దాని స్థానంలో వచ్చిన భద్రత, ఆరోగ్య స్మృతి ఆ అంకెలను నిర్ణయించే పనిని రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించింది.

ఇది సాంకేతిక నిపుణుల వ్యవహారమని పక్కన పెట్టడానికి వీలు లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువునే తీసుకుందాం. సేంద్రియ పదార్థం గాలి తగలని చోట కుళ్ళితే ఇది పుడుతుంది. మురుగు గుంటలలో, చేపల, రొయ్యల వ్యర్థాల తొట్లలో, కాగితపు గుజ్జు నిలవలలో, మందుల కర్మాగారాల వ్యర్థజలాలలో, చమురు శుద్ధి కేంద్రాలలో ఇది ఉండవచ్చు. గాలికంటె బరువైనది కనుక గుంట అడుగున పేరుకుంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దీని గుర్తు. కాని ఆ వాసనను నమ్ముకున్నవాడు మోసపోతాడు. గాలి పది లక్షల పాళ్ళలో ఇది 100 పాళ్ళకు చేరేసరికి ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయింది, ఇక భయం లేదని మనిషి అనుకునే వేళకే ప్రాణాపాయం దాపురిస్తుంది. 500 పాళ్ళు దాటితే స్పృహ తప్పడానికి ఎక్కువసేపు పట్టదు.

ముక్కు చేయలేని ఈ పనిని సెన్సారు చేస్తుంది. పల్చని పొర గుండా లోపలికి చేరిన వాయువు ఎలక్ట్రోడు వద్ద రసాయన చర్యకు లోనై స్వల్ప విద్యుత్తును పుట్టిస్తుంది. వాయువు పెరిగిన కొద్దీ విద్యుత్తు పెరుగుతుంది. నిర్ణీత హద్దు దాటగానే గంట మోగుతుంది. చొక్కాకు తగిలించుకునేంత చిన్న పరికరాలు నేడు దొరుకుతున్నాయి. ఆ హద్దు ఎంత? పాత షెడ్యూలు ప్రకారం ఎనిమిది గంటల సగటు పది లక్షలకు 10 పాళ్ళు, స్వల్ప కాలానికి 15 పాళ్ళు. పరికరం ఎంత మేలైనదైనా, అది ఎప్పుడు మోగాలో చెప్పవలసింది చట్టమే.

మోగే గంట లేని చోట ఏమవుతుందో తెలుగు నేల ఎరుగును. 2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో ఆక్వా కర్మాగారపు తొట్టెను శుభ్రం చేయబోయి ఐదుగురు మరణించారు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు సమీపాన కోళ్ళ హేచరీ మురుగు తొట్టిలో ఏడుగురు చనిపోయారు. అక్కడ మొదట దిగినవారిని కాపాడబోయి మిగిలినవారు బలి అయ్యారు. 2020 జూన్ చివర పరవాడ ఫార్మా వాడలో విషవాయువు సోకి ఇద్దరు మరణించినప్పుడు వార్తలలో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరు వినవచ్చింది.

సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ వెళ్ళినా కథ మారదు. 2024 జులై 5న జాంజ్‌గీర్-చాంపా జిల్లా కికిర్దా గ్రామంలో ఒక బావిలో ఐదుగురు, అదే రోజు కోర్బా జిల్లాలో మరొక బావిలో నలుగురు ఒకరి వెనుక ఒకరు దిగి ప్రాణాలు వదిలారు. బావిలో చేరినది ఏ వాయువైనా, దిగేముందు గాలిని పరీక్షించే సాధనం అక్కడ లేకపోయింది. రాయపూర్‌కు దక్షిణాన ఉన్న అభన్‌పూర్ వంటి చోట్ల బియ్యం మిల్లులున్నాయి. ఉప్పుడు బియ్యానికి ధాన్యం నానబెట్టిన నీరు తొట్లలో నిలవ ఉండి కుళ్ళితే పుట్టేది ఈ వాయువే. పరవాడలో ఊపిరితిత్తులు ఓర్వలేని దానిని అభన్‌పూర్‌లో ఓర్చుకుంటాయా? శరీర ధర్మానికి రాష్ట్ర సరిహద్దులు లేవు.

పాత చట్టం అంకెతో సరిపెట్టలేదు. భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో సవరించిన 36వ సెక్షన్ ప్రకారం, సమర్థుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి, ప్రమాదం లేదని వ్రాసి ఇవ్వనిదే ఎవరూ అటువంటి తొట్టిలో దిగరాదు. లేదా శ్వాస పరికరం ధరించి, నడుముకు తాడు కట్టుకుని, ఆ తాడు కొస బయట మనిషి చేత ఉండగా దిగాలి. ఇంతకంటె స్పష్టంగా చెప్పడం కష్టం. అయినా చావులు ఆగలేదు. కారణం, పాటించవలసినది చిన్న యజమాని, తొట్టిలో దిగేది కాంట్రాక్టు కూలి, చూడవలసిన ఇన్‌స్పెక్టరు ఎప్పుడో గాని రాడు. ఇప్పుడు విద్యుత్తు వాడే కర్మాగారమనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. ప్రమాదం ఎక్కువగా ఉన్న చిన్న యూనిట్లే చట్టం పరిధి నుంచి జారిపోయే అవకాశం ఏర్పడింది.

రాష్ట్రాలకు అధికారమిస్తే తప్పేమని కొందరు అడుగుతారు. రాష్ట్రాల హక్కులకోసం తెలుగువారు పోరాడినంతగా పోరాడినవారు తక్కువ. కాని ఈ అధికారం వేరు. పెట్టుబడులను ఆకర్షించడానికి రాష్ట్రాలు పోటీ పడుతున్న రోజులలో కార్మికుని ఊపిరి కూడా రాయితీల జాబితాలో చేరకూడదు. కేంద్రం కనీస ప్రమాణాన్ని నిర్ణయించాలి. అంతకంటె కఠినంగా ఉండదలచిన రాష్ట్రాన్ని ఎవరూ అడ్డుకోరాదు. ఫెడరల్ న్యాయమంటే అది.

అందుకు కొత్త చట్టం చేయనక్కరలేదు. భద్రతా ప్రమాణాలను ప్రకటించే అధికారాన్ని స్మృతిలోని 18వ సెక్షన్ కేంద్రానికే ఇచ్చింది. ప్రమాదకరమైన పనులను నోటిఫై చేస్తే కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా చట్టం వర్తింపజేసే వీలు కూడా ఉంది. మూసిన తొట్లలో, గుంటలలో దిగే పనిని ఆ జాబితాలో చేర్చాలి. దిగే ముందు పైన, నడుమ, అడుగున గాలిని పరికరంతో పరీక్షించి, ఆ లెక్కను పుస్తకంలో నమోదు చేయాలి. పరికరం కొనడంతో బాధ్యత తీరదు. ఈ సెన్సార్లు సాధారణంగా రెండు మూడేళ్ళలో శక్తి కోల్పోతాయి. తెలిసిన మోతాదు వాయువుతో తరచు సరిచూడకపోతే గోడకు వేలాడే అలంకారాలవుతాయి.

ఖర్చు మాట వస్తుంది. మురుగు కాల్వలలో మరణించినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. ఆ మొత్తం ముందు ఒక పరికరం ధర ఏపాటిది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన పాలనకు అలవాటుగా మారింది. నష్టపరిహారపు చెక్కుతో ఊరికి వచ్చే మంత్రి, అంతకు ముందే ఒక నోటిఫికేషన్ మీద సంతకం పెట్టగలడు. తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు పార్టీలకు అతీతంగా అడగవలసిన ప్రశ్న ఇది: దేశమంతటా ఆ గంట ఒకే హద్దు వద్ద మోగేటట్లు చూచే బాధ్యత ఎవరిది?